జీను ఎక్కేముందు

శ్రోతలకు నమస్కారం. పిల్లలకు గుర్రపు స్వారీ నేర్పించే తల్లిదండ్రులు మొదటి రోజే జీను మీద కూర్చోబెట్టమని పట్టుబడతారు. దయచేసి వద్దు. మొదటి రెండు మూడు పాఠాలు నేల మీదే జరగాలి. కాటు, తన్ను, కాలి మీద డెక్క పడటం, ఇవన్నీ పక్కన నిలబడ్డవాళ్లకు తగిలే దెబ్బలే.

గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. దాదాపు చుట్టూ చూడగలదు కానీ, సరిగ్గా తోక వెనకా, నుదుటికి మరీ దగ్గరగా ముందూ దానికి కనపడదు. వెనక అలికిడైతే ఎవరో తెలియకముందే తన్నేస్తుంది. అది పొగరు కాదు, భయం. బారాత్ గుర్రం తోక లాగే పిల్లల్ని చూసి నవ్వే పెద్దలు ఇది గుర్తుంచుకోవాలి. పిల్లలు మాట్లాడుతూ, ఎడమ భుజం వైపు నుంచి వచ్చి, ముందు మెడ మీద చెయ్యి వేయాలి. వెనక్కి వెళ్లాలంటే ఒంటి మీద చెయ్యి తీయకుండా బాగా ఆనుకుని వెళ్లాలి, లేదా నాలుగు మీటర్ల దూరంగా తిరిగి వెళ్లాలి. తన్ను పూర్తి బలంతో తగిలేది ఆ మధ్య దూరంలోనే. చెవులు వెనక్కి మెడకు అతుక్కుపోతే అసలు దగ్గరకే వెళ్లకూడదు.

గుర్రాన్ని పట్టుకుని నడిపించే తాడును చేతికి చుట్టుకోనివ్వకండి. గుర్రం బెదిరి లాగితే చుట్టు బిగిసి వేళ్లు తెగుతాయి. మిగిలిన తాడును మడతలు పెట్టి పట్టుకోవాలి. గుర్రాన్ని కట్టేటప్పుడు దాని భుజాల ఎత్తులో, గట్టి స్తంభానికి, రెండడుగుల తాడు వదిలి, ఒక్క లాగుతో ఊడే ముడి వేయాలి. ఎక్కువ వదిలితే కాలు చిక్కుకుంటుంది. పగ్గాలతో మాత్రం ఎప్పుడూ కట్టకండి, బెదిరి లాగితే కళ్లెం నోటిని కోసేస్తుంది.

తంగు, అంటే జీను కదలకుండా పొట్ట కింది నుంచి కట్టే పట్టీ, బిగించేటప్పుడు కొన్ని గుర్రాలు పొట్ట ఉబ్బిస్తాయి. కాస్త నడిపించి మళ్లీ బిగించాలి, ఎక్కేముందు ఇంకోసారి చూడాలి. లేదంటే జీను పక్కకు జారి, పిల్లవాడు దాంతోపాటే పొట్ట కిందికి పోతాడు.

బూటుకు మడమ ఉండాలి. రికాబు, అంటే జీనుకు వేలాడుతూ పాదం పెట్టుకునే కడియం, బూటు కన్నా అంగుళం వెడల్పుండాలి. పాదం ఇరుక్కుంటే పడ్డవాణ్ణి గుర్రం ఈడ్చుకుపోతుంది, ఇంతకన్నా ఘోరం లేదు. స్వారీ హెల్మెట్ కనుబొమల పైన రెండు వేళ్ల ఎడంలో కూర్చోవాలి. ఒకసారి తలతో సహా నేలకు తగిలిందా, పగులు కనపడకపోయినా మార్చేయండి.

ఇక ఎక్కించండి. ముందు నేర్పాల్సింది దిగడం. రెండు పాదాలూ రికాబుల్లోంచి తీసి, ముందుకు వంగి, కుడికాలు వెనక నుంచి తిప్పి, ఎడమ పక్కకు జారాలి. కదలకుండా నిలబడ్డ గుర్రం మీద ఇది తడుముకోకుండా వచ్చాకే నడక మొదలుపెట్టాలి.