వేప్ ఆవిరి తగిలితే ఊపిరితిత్తి కణాలకు ఏమవుతుంది? బర్మింగ్‌హామ్ పరిశోధన రివ్యూ

నమస్కారం అండీ. "ఈ వేప్‌లో, అంటే ఈ-సిగరెట్‌లో, నికోటిన్ లేదు, ఉత్త ఫ్లేవర్ ఆవిరే, ఏం కాదు" అని చాలామంది అనుకుంటారు. అది ఎంతవరకు నిజమో చూడటానికి ఇవాళ ఒక పరిశోధన పత్రాన్ని విప్పి చూద్దాం. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ థికెట్ బృందం చేసిన పని ఇది. 2018లో థొరాక్స్ అనే వైద్య పత్రికలో వచ్చింది.

ముందు పరికరం. లోపల బ్యాటరీ, కాయిల్ అనే తీగచుట్ట, దూది వత్తి, ద్రవం ఉండే ట్యాంకు ఉంటాయి. ద్రవంలో ఎక్కువ భాగం ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్. దమ్ము లాగగానే కాయిల్ వేడెక్కి వత్తిలోని ద్రవం ఆవిరవుతుంది. ఆ వేడికి గ్లైకాల్, గ్లిజరిన్ కొంత విరిగిపోయి ఫార్మాల్డిహైడ్, ఎసిటాల్డిహైడ్, ఎక్రోలిన్ అనే హానికర రసాయనాలు పుడతాయి. వత్తి ఎండిపోతే ఇవి ఇంకా పెరుగుతాయి. గొంతులో మాడు ఘాటు తగిలేది అప్పుడే.

చాలా ల్యాబుల్లో సీసాలోని ద్రవాన్నే నేరుగా కణాల మీద వేసి పరీక్షించేవారు. ఊపిరితిత్తుల్లోకి వెళ్లేది మాత్రం ఆ ద్రవం కాదు, వేడెక్కిన కాయిల్ మీంచి వచ్చే ఆవిరి. అందుకే వీళ్లు ఆవిరిని చల్లబరిచి మళ్లీ ద్రవంగా పట్టారు. నా లెక్కలో ఈ పత్రానికి విలువ తెచ్చింది ఆ పనే.

ఎంచుకున్న కణాలు మాక్రోఫేజ్‌లు. వాయుగోణుల్లో, అంటే ఊపిరితిత్తుల్లోని చిన్న గాలి సంచుల్లో, కాపలా తిరుగుతూ దుమ్మును, బ్యాక్టీరియాను మింగేసేవి ఇవే. పొగతాగని, ఆస్తమా గానీ సీఓపీడీ (ఊపిరి ఆడనివ్వని దీర్ఘకాలిక ఊపిరితిత్తి జబ్బు) గానీ లేని 8 మంది ఊపిరితిత్తి కణజాలం నుంచి వీటిని తీశారు. కొన్నిటికి సీసా ద్రవం, కొన్నిటికి ఆవిరి నుంచి పట్టిన ద్రవం వేశారు, కొన్నిటికి ఏమీ వేయలేదు. 24 గంటలు ఉంచారు.

ఆవిరి ద్రవం సీసా ద్రవం కంటే చాలా ఎక్కువ కణాలను చంపింది. మోతాదు పెరిగేకొద్దీ చావులూ పెరిగాయి. కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ అనే అణువులు 50 రెట్ల దాకా పెరిగాయి. నికోటిన్ ఉంటే దెబ్బ ఎక్కువ, కానీ నికోటిన్ లేని ఆవిరి వల్ల కూడా హాని జరిగింది.

చనిపోయిన కణాల కంటే బతికిన కణాల గురించే నాకు ఎక్కువ దిగులు. బ్యాక్టీరియా పక్కనే ఉన్నా అవి సరిగ్గా మింగలేకపోయాయి, వాపు పుట్టించే సంకేతాలను మాత్రం ఎక్కువగా వదిలాయి. శరీరంలో ఇలాంటి సంకేతాలకు న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు పరిగెత్తుకొస్తాయి. వాటి ఎంజైములు వాయుగోణుల గోడలను కరిగిస్తాయి. సీఓపీడీలో జరిగేది ఇదే.

ఫ్రీ రాడికల్స్‌ను అణచే ఎసిటైల్ సిస్టీన్ అనే మందు కలిపితే ఈ నష్టం చాలావరకు తగ్గింది. దాన్ని చూసి ఆ మాత్ర వేసుకుని వేప్ చేద్దామని అనుకోవద్దు. ల్యాబులో మందు నేరుగా కణాలను తాకింది, నోట్లో వేసుకున్న మాత్ర వాయుగోణుల్లోకి అంత మోతాదులో చేరదు.

లోపాలూ చెప్పాలి. దాతలు 8 మందే, సమయం ఒక్క రోజే. శరీరంలో ఈ కణాలకు గాలి తగులుతుంది, ఇక్కడ ద్రవంలో మునిగి ఉన్నాయి. చల్లబరిచేటప్పుడు కొన్ని వాయువులు జారిపోతాయి. సిగరెట్ కంటే వేప్ ఘోరమని ఈ పత్రం చెప్పలేదు, థికెట్ కూడా అలా అనలేదు. ఏళ్ల తరబడి పీలిస్తే ఏమవుతుందో ఒక్క రోజు ప్రయోగం తేల్చలేదు.

గిన్నెలో కణాల సంగతి సరే, బతికున్న ప్రాణిలో? 2019లో హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాల వాళ్లు ఎలుకలకు నాలుగు నెలలు నికోటిన్ లేని ఆవిరి పట్టించారు. మాక్రోఫేజ్‌లలో కొవ్వు పేరుకుంది, ఫ్లూ వైరస్‌ను ఎదుర్కోవడంలో ఆ ఎలుకలు వెనకబడ్డాయి.

అమెరికాలో అదే ఏడాది వేప్ వాడినవాళ్లకు వచ్చిన ఊపిరితిత్తి జబ్బు వేరే కథ. దానికి ప్రధాన కారణం గంజాయి ద్రవాల్లో కలిపిన విటమిన్ ఈ ఎసిటేట్. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు, 68 మరణాలు.

మన దేశంలో 2019 చట్టం ప్రకారం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నేరం. తొలిసారికే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా లేదా రెండూ. విదేశాల్లో చదువుకుంటూ వేప్ వాడే మన పిల్లలకు ఒక మాట. దగ్గు, ఆయాసం, జ్వరం వస్తే గత 90 రోజుల్లో వేప్ చేసిన సంగతి, ఏ ద్రవం వాడారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. వేప్ వల్ల వచ్చే జబ్బు ఎక్స్‌రేలో న్యుమోనియాలాగే కనిపిస్తుంది.