నీళ్ల స్టెయినా, థిన్నర్ స్టెయినా?

అందరికీ నమస్కారం. ఈ గదిలో కొందరు వడ్రంగం, పాలిష్ పని చేసేవాళ్లు, మిగతావాళ్లు కొత్త ఇంటికి కప్‌బోర్డులు చేయించుకుంటున్నవాళ్లు. ఎవరు కలిసినా నన్ను అడిగేది ఒకటే: కప్‌బోర్డుల చెక్కకి రంగు ఇచ్చే స్టెయిన్ నీళ్లది మంచిదా, థిన్నర్‌ది మంచిదా? నా జవాబు ముందే చెప్పేస్తాను. మనుషులు కాపురం ఉంటున్న ఇంట్లో అయితే నీళ్లదే వేయండి. అది కుదరని చోట్లు కొన్ని ఉన్నాయి, అవీ చెబుతాను.

స్టెయిన్‌లో ఉండేది రంగు, దాన్ని చెక్క మీద పట్టి ఉంచే బైండర్, ఈ రెంటినీ లోపలికి మోసుకెళ్లే ద్రవం. నీళ్లదా థిన్నర్‌దా అన్న తేడా ముఖ్యంగా ఆ మోసే ద్రవానిది. నీళ్ల స్టెయిన్ తొందరగా వెలిసిపోతుందని షాపుల్లో చెబుతుంటారు, కానీ వెలిసేదీ వెలవనిదీ రంగును బట్టి ఉంటుంది. పిగ్మెంట్ అనే రంగు పొడి చెక్క గ్రెయిన్స్ సందుల్లో కూర్చుంటుంది, ఎండకి బాగా ఆగుతుంది. డై అంటే ద్రవంలో కరిగిపోయే రంగు, అది చెక్క నారలోకే ఇంకి చూడ్డానికి చాలా అందంగా ఉంటుంది కానీ కిటికీ పక్క షట్టర్ మీద, అంటే కప్‌బోర్డు తలుపు మీద, త్వరగా పాలిపోతుంది. ఈ రెండు రకాలూ నీళ్లలోనూ దొరుకుతాయి, థిన్నర్‌లోనూ దొరుకుతాయి.

నీళ్ల స్టెయిన్ మీద నిజమైన ఫిర్యాదు నూగు లేవడం. చెక్క నార నీళ్లు తాగి ఉబ్బి నిలబడుతుంది, చేత్తో తడిమితే గరుకుగా తగులుతుంది. దానికి మందు కూడా నీళ్లే. స్టెయిన్ వేయకముందే బాగా పిండిన తడిగుడ్డతో ఒకసారి తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, 220 నంబరు గరుకు కాగితంతో తేలిగ్గా రుద్దండి, ఆ తర్వాత స్టెయిన్ వేస్తే నూగు చాలావరకు లేవదు. టేకు వెనీర్, అంటే ప్లైవుడ్ మీద అతికించే పలుచని టేకు పొర అయితే జాగ్రత్త, అది అర మిల్లీమీటరు మందం ఉంటే ఎక్కువ, గట్టిగా రుద్దితే కింది ప్లైవుడ్ బయటపడుతుంది. స్టీల్ ఊల్ మాత్రం దగ్గరికి కూడా రానివ్వకండి, దాని ముక్కలు సందుల్లో ఇరుక్కుని, తడి తగలగానే తుప్పు పట్టి నల్ల చుక్కలు వస్తాయి.

రెండో ఇబ్బంది, అది త్వరగా ఆరిపోతుంది. మే నెలలో ఫ్యాన్ కింద పెద్ద షట్టర్ మీద వేస్తే ఈ చివరికి వచ్చేలోపు ఆ చివర ఆరి, ఆరిన పూత, కొత్త పూత కలిసిన చోట ముదురు గీత పడుతుంది. ఫ్యాన్ ఆపండి, ఒక్కో షట్టర్ మొత్తం ఒకే ఊపులో ముగించండి, ఒకరు వేస్తుంటే ఇంకొకరు వెనకాలే తుడవాలి.

ఇప్పుడు నేను నష్టపోయి నేర్చుకున్న విషయం. ఒక ఇంట్లో పన్నెండు టేకు వెనీర్ షట్టర్లకి థిన్నర్ స్టెయిన్ వేసి, తొందరలో అదే సాయంత్రం బ్రష్‌తో మెలమైన్ సీలర్, అంటే పైపూతకి ముందు వేసే పూత, కొట్టాను. సీలర్‌లో ఉన్న థిన్నర్ కింద ఉన్న స్టెయిన్‌ని మళ్లీ కరిగించింది, బ్రష్ వెళ్లిన దారంతా చారలు. వెనీర్ కదా, మళ్లీ రుద్దే వీల్లేదు, నాలుగు షట్టర్లు నా డబ్బుతో కొత్తవి చేయించాను. పైపూతలో ఉన్న ద్రవం కింది రంగుని కరిగించేదైతే బ్రష్ పెట్టకూడదు, పలచగా స్ప్రే చేయాలి. బాగా ఆరిన నీళ్ల స్టెయిన్ మీద మెలమైన్ కానీ మామూలు పీయూ (పాలీయురెథేన్ పైపూత) కానీ వేస్తే ఈ గొడవ రాదు. నీళ్ల స్టెయిన్ మీద నీళ్ల పీయూనే వేయాలనుకుంటే మొదటి కోటు స్ప్రే చేయండి, లేదా మధ్యలో మైనం తీసేసిన లక్కని స్పిరిట్‌లో కరిగించి ఒక పలుచని పూత ఇవ్వండి.

థిన్నర్ రకం ఎక్కడ పనికొస్తుందంటే, చెక్కడాలున్న సింహద్వారం, పూజ మందిరం లాంటి వాటికి. మినరల్ టర్పెంటైన్‌తో చేసిన స్టెయిన్ నిదానంగా ఆరుతుంది, మూలమూలా తుడుచుకునే టైమ్ ఇస్తుంది. టేకులో సహజంగానే నూనె ఉంటుంది కాబట్టి జిడ్డు బాగా ఉన్న కొత్త టేకు మీద కూడా నేను దాన్నే వాడతాను. వానాకాలంలో థిన్నరే నయం అనే మాట మాత్రం పూర్తిగా నిజం కాదు. విశాఖ, కాకినాడ గాలిలో తేమకి నీళ్ల స్టెయిన్ ఆలస్యంగా ఆరుతుంది, నిజమే, కానీ అదే తేమకి థిన్నర్‌తో కలిపే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్ పైపూత మీద తెల్లటి మసక కమ్ముతుంది. ఆ రోజుల్లో ఏది వేసినా ఓపిక పట్టాల్సిందే.

ఇంతగా నీళ్లదే వేయమని ఎందుకు అంటున్నానంటే, పనిచేసే కుర్రాళ్ల కోసం. మామూలు ఎన్‌సీ థిన్నర్‌లో సాధారణంగా టోలిన్ (టాల్యుయీన్) అనే ద్రావకం ఉంటుంది. తలుపులు మూసిన బెడ్‌రూమ్‌లో, దుమ్ము పడుతుందని కిటికీలూ మూసేసి, రోజంతా అది పీలిస్తే తలనొప్పి, కళ్లు తిరగడం వస్తాయి, ఏళ్ల తరబడి పీలిస్తే నరాల మీద పడుతుంది. ముఖానికి కర్చీఫ్ కట్టుకుంటే దుమ్ము కొంత ఆగుతుందేమో కానీ ఆవిరి ఆగదు, కార్బన్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ కావాలి. ఇంటివాళ్లూ వినండి, ఆ మాస్క్ ఖర్చు కొటేషన్‌లో రాయమని మీరే అడగండి. ఇంకోటి, టోలిన్ ఆవిరి 4 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు, మన ఊళ్లలో అంత చలి ఎప్పుడుంటుంది? వంటింట్లో పని జరుగుతుంటే స్టవ్ వెలిగించకండి, ఫ్రిజ్ ప్లగ్ ముందే తీసేయండి. అవిసె నూనె ఉన్న స్టెయిన్ తుడిచిన బనియన్ వేస్ట్ గుడ్డ అయితే ఉండ చేసి మూల పడేస్తే దానంతటదే వేడెక్కి మండొచ్చు. విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ల బకెట్‌లో వేయండి.

చివరిగా శాంపిల్ సంగతి. షేడ్ కార్డు చూసి రంగు ఖాయం చేయొద్దు. మీ షట్టర్లు కోసిన అదే షీట్ ముక్క మీద స్టెయిన్, సీలర్, పైపూత అన్నీ వేయించి, పగటి వెలుతురులోనూ రాత్రి మీ ఇంటి లైటు కిందా చూసి సంతకం పెట్టండి. ఈ బల్ల మీద ఒకే టేకు వెనీర్ షీట్ నుంచి కోసిన ఆరు ముక్కలు పెట్టాను, మూడు నీళ్లవి, మూడు థిన్నర్‌వి, ఏది ఏదో వెనకాల రాసి ఉంది. తిప్పి చూసే ముందు చేత్తో తడిమి చెప్పండి.