దొరల సరదాలు, అడవి బాటలు

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో పాత దొరల ఎస్టేట్లు చాలావాటిలోకి ఇప్పుడు జనాన్ని రానిస్తున్నారు. భవంతి చూసి, వెనకాల అడవి బాట పట్టగానే ‘ఆహా, ప్రకృతి!’ అనిపిస్తుంది. నిజానికి అక్కడ ఎదురయ్యేవాటిలో చాలామటుకు ఎవరో దొరగారు ముచ్చటపడి తెచ్చినవే.

ముందుగా పలకరించే బూడిదరంగు ఉడుతనే తీసుకోండి. దాని పుట్టిల్లు ఉత్తర అమెరికా. 1876లో చెషైర్‌లోని హెన్‌బరీ పార్క్ ఎస్టేట్‌లో వాటిని వదిలారు. తర్వాత వోబర్న్ ఎస్టేట్ యజమాని బెడ్‌ఫర్డ్ డ్యూక్ వాటిని కానుకల్లా పంచిపెట్టాడు. ఇవి మోసుకు తిరిగే పాక్స్ వైరస్ వీటినేమీ చేయదు, అక్కడి ఎర్ర ఉడుతల ప్రాణం మాత్రం తీస్తుంది. పైగా లేత బీచ్ చెట్ల బెరడు ఒలిచేస్తాయి. పొదల్లో కుక్కలా అరిచే మంట్‌జాక్ జింకలు కూడా వోబర్న్ నుంచి బయటపడ్డవే. ఇక పూలకోసం, వేటపక్షుల చాటుకోసం నాటిన రోడోడెండ్రాన్ సంగతి సరేసరి. దాని నీడలో మరో మొక్క లేవదు.

అయితే దొరలను తిట్టి ఊరుకోలేం. వాళ్లు జింకల కోసం కంచె వేసుకున్న పార్కుల్లోనే ముసలి ఓక్ చెట్లు గొడ్డలికి చిక్కకుండా మిగిలాయి. విండ్సర్ గ్రేట్ పార్క్‌లో వందల ఏళ్లనాటివి ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి చెట్టు తొర్రలోకి తొంగిచూడండి. లోపలి చేవ గోధుమరంగు ముక్కలుగా పగిలి, వేళ్లతో నలిపితే పొడైపోతుంది. అది కలపను తినే శిలీంధ్రం (ఫంగస్) చేసిన పని. చెట్టు చచ్చిపోతోందని కంగారుపడక్కర్లేదు. నీళ్లు పైకెక్కేది బెరడు కింది పచ్చి కలపలోంచి; నడిమి చేవ ఎప్పుడో చచ్చినదే. ఆ తొర్రలో గబ్బిలాలు, గుడ్లగూబలు కాపురం పెడతాయి. ఓక్‌ను ఏదో విధంగా వాడుకునే జీవజాతులు బ్రిటన్‌లో దాదాపు 2,300 అని లెక్క. నేల కింద కుళ్లిన మొద్దుల్ని తింటూ స్టాగ్ బీటిల్ అనే పెంకు పురుగు పిల్ల ఏళ్లతరబడి పెరుగుతుంది. కొమ్ముల్లాంటి దవడలతో బయటికొచ్చాక బతికేది కొన్ని వారాలే! నన్నడిగితే ఆ బాటలో అసలు చూడాల్సింది ఉడుతను కాదు, ఈ మొద్దును.

2012లో బ్రిటన్‌లో బయటపడ్డ శిలీంధ్ర తెగులుతో ఇప్పుడు యాష్ చెట్లు ఎండిపోతున్నాయి. బాట మీద విరిగిపడేవాటిని కొట్టక తప్పదు. బాటకు దూరంగా అడవి లోపలున్నవాటిని ఇలాంటి జీవుల కోసం నిలబడనిస్తే చాలు, కొట్టిన దుంగల్ని అక్కడే పడి ఉండనిస్తే చాలు. చూసేవాళ్లకు అది చెత్తలా కనిపిస్తుంది. శుభ్రం చేయించండని అడగకండి, నేను కోరేది అంతే.