సెమిలిగుడ చలికి రెండు రంగుల తులిప్

నమస్కారమండీ. ఈ కుండీ తెచ్చి బల్ల మీద పెట్టగానే ముందు వరసలోంచి పిన్నిగారొకరు "ప్లాస్టిక్ పూలా నాయనా?" అని అడిగారు. కాదమ్మా, నిజం తులిప్ పూలే. ఎర్ర రేకు, చుట్టూ తెల్ల అంచు. రకం పేరు లీన్ వాన్ డెర్ మార్క్, నోరు తిరగదు కాబట్టి మా ఇంట్లో దీన్ని 'జరీ అంచు' అంటాం. ఎండ తగిలి ఇప్పుడు విచ్చుకుని ఉన్నాయి, సాయంత్రం చల్లబడితే మళ్లీ మొగ్గల్లా ముడుచుకుంటాయి, చూడాలనుకున్నవాళ్లు భోజనాలకు ముందే చూసేయండి.

తులిప్ వసంతంలో పూస్తుందని అందరూ చెప్పేదే. శ్రీనగర్లో జబర్వాన్ కొండల కింద 2007లో తెరిచిన తోట ఉంది కదా, అక్కడ మార్చి ఆఖరు నుంచి ఏప్రిల్ దాకా పూస్తాయి, వాళ్లకు అది వసంతమే. మనకు ఏప్రిల్ అంటే ఉగాది పచ్చడి తినేసి ఫ్యాను వెతుక్కునే రోజులు, అప్పుడు తులిప్ పూయాలంటే ఎలా? మన దగ్గర దాని వసంతం మాఘంలోనే వచ్చి మాఘంలోనే అయిపోవాలి. ఇంత చిన్న విషయం నా బుర్రకెక్కడానికి రెండేళ్లు పట్టింది, ఆ రెండేళ్లలో పోయిన దుంపల డబ్బుల సంగతి మా ఆవిడ వచ్చింది కాబట్టి ఇక్కడ చెప్పను.

మొదటి ఏడు ఏం చేశానంటే, ఒడిశాలో చలి వార్త వచ్చినప్పుడల్లా దారింగబాడితో పాటు మన కొరాపుట్ జిల్లా సెమిలిగుడ పేరు కూడా వస్తుంది కదా, మన చలి చాలదా అని ధైర్యంగా దుంపలు నేరుగా నేలలో పెట్టేశాను. చాలదు. మనకు చలి రాత్రిపూటే, పొద్దెక్కితే స్వెటరు తీసేస్తాం. తులిప్ పుట్టింది మధ్య ఆసియా కొండల్లో, నెలల తరబడి మంచు కింద పడి ఉండే అలవాటు దానిది. దుంప మన చేతికొచ్చేసరికే లోపల పువ్వు బుల్లిగా తయారై ఉంటుంది, దాని కాడ సాగాలంటే మాత్రం 12 నుంచి 14 వారాలు, 9 డిగ్రీలకు తక్కువగా, తెంపులేని చలి కావాలి. అది అందకపోతే పువ్వు ఆకుల మధ్యనే ఇరుక్కుని, మెడ లేని మనిషిలా కూర్చుంటుంది. నావి అలాగే కూర్చున్నాయి.

రెండో ఏడు ఫ్రిజ్‌లో పెట్టాను. పద్ధతి సరైనదే. కానీ మా వదిన రాయగడ నుంచి బుట్టెడు సీతాఫలాలు పంపింది, అవి కూడా అదే ఫ్రిజ్‌లోకి వెళ్లాయి. పండే పండు ఏదైనా సరే, ఇథిలీన్ అనే వాయువు వదులుతుంది, అది సోకితే దుంప లోపలి మొగ్గ చచ్చిపోతుంది. బయటికి ఏమీ తెలియదు. ఆకులు దర్జాగా వచ్చాయి, మొగ్గలు మాత్రం ఎండిన ఉల్లిపొరల్లా తేలాయి. అప్పటినుంచి మా ఇంట్లో సెప్టెంబరు ఆఖరు నుంచి డిసెంబరు ఆఖరు దాకా ఫ్రిజ్‌లో పళ్లు నిషేధం.

ఇప్పుడు నేను చేసేది చెబుతాను. సెప్టెంబరు ఆఖరులో దుంపల్ని కాగితం సంచిలో వేసి కూరగాయల అరలో పెడతాను, ప్లాస్టిక్ సంచి వద్దు, చెమ్మ పట్టి బూజొస్తుంది. సంచి మీద పెద్ద అక్షరాలతో 'తినకూడదు' అని రాయండి, చూడ్డానికి అచ్చం ఉల్లిపాయే, కానీ విషం, కడుపులో తిప్పేస్తుంది. వలిసె పూల పసుపు రంగు పోయి పొలాలు కోతలయ్యాక, అంటే డిసెంబరు ఆఖరులో, బయటికి తీసి నాటతాను. తొమ్మిదంగుళాల కుండీలో ఏడు దుంపలు, ఇసుక బాగా కలిపిన మట్టి, దుంప ఎంత ఎత్తుంటే దానికి రెండింతలు మట్టి పైన. దుంపకు ఒక పక్క చదునుగా ఉంటుంది చూడండి, ఆ పక్క కుండీ అంచు వైపు తిప్పండి, మొదటి పెద్ద ఆకు అటే వస్తుంది, కుండీ నిండుగా కనిపిస్తుంది. వేర్లు పట్టేదాకా వరండా నీడలో, తర్వాత పొద్దుటి ఎండలో. నీళ్లు నిలవ ఉంటే కుళ్లడం ఖాయం. అంతే, ఫిబ్రవరికి పువ్వు.

రెండు రంగుల కథ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. తులిప్ రేకు కింద తెలుపో పసుపో ఒక రంగు ఉంటుంది, దాని మీద ఎరుపో ఊదానో కప్పుకుని ఉంటుంది, పాత చీర మీద అద్దకం వేసినట్టు. నాలుగు వందల ఏళ్ల కింద హాలండ్‌లో కొన్ని దుంపలకు ఉన్నట్టుండి ఆ పై రంగు చారలు చారలుగా విరిగి, అడుగు తెలుపు మంటల్లా పైకొచ్చింది. జనం పిచ్చెక్కిపోయారు. సెంపర్ ఆగస్టస్ అని ఎరుపు తెలుపు చారల రకం, ఒక్క దుంపకు ఇల్లు కొనేంత ధర పలికిందంటారు. 1637 ఫిబ్రవరిలో బేరం కుప్పకూలింది. తమాషా ఏమిటంటే ఆ అందం ఒక తెగులు. 1928లో డొరొతీ కేలీ అనే ఆవిడ చారల దుంప ముక్కని మంచి దుంపకి అంటుకట్టి, చారలు అంటుకుంటాయని చూపించింది. వైరస్ అది, మోసుకొచ్చేది మన పేనుబంక! బొప్పాయి పెంచినవాళ్లకు ఈ పేనుబంక చేసే పని నేను చెప్పక్కర్లేదు. ఆ తెగులు దుంపను బలహీనం చేస్తుంది, దుంప పిల్ల దుంపల్ని తక్కువ పెడుతుంది, అందుకే అంత అరుదు, అందుకే అంత ధర.

భయపడకండి, ఈ కుండీలోవి రోగిష్టివి కావు. ఈ అంచు వీటి జాతిలోనే ఉంది, ప్రతి పువ్వుకీ ఒకేలా వస్తుంది. కానీ మీరు ఉత్త ఎరుపు రకం పెడితే, అందులో ఒక్కదానికే అడ్డదిడ్డంగా చారలొస్తే, అబ్బ ఎంత బాగుందో అని ఫొటో తీసుకోండి, తీసుకున్నాక దుంపతో సహా పీకి పారేయండి.

ఇంకొకటి. ఆన్‌లైన్లో 'రెండు రంగుల తులిప్ విత్తనాలు' అని పొట్లాలు అమ్ముతున్నారు, పక్కనే నీలం తులిప్ బొమ్మ. కొనొద్దు. విత్తనం నుంచి పువ్వు రావడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది, వచ్చినా తల్లి రంగు రాదు, ఇక అసలైన నీలం తులిప్ లోకంలోనే లేదు.

మళ్లీ ఏడు ఇవే పూస్తాయా అని అందరూ అడుగుతారు. పూయవు. పూసిన దుంప కరిగిపోయి చుట్టూ చిన్న పిల్లల్ని పెడుతుంది, అవి ఎదగాలంటే చల్లగా, పొడుగ్గా సాగే వసంతం కావాలి, మన ఎండ వాటిని మార్చిలోనే ఆర్పేస్తుంది. అందుకే ఏడు దుంపలు, ఒక్క కుండీ, పది రోజుల సంబరం, అంతకంటే ఖర్చు పెట్టొద్దనే నా సలహా. రెండు రంగుల పూలు ఏటేటా కావాలనుకునేవాళ్లు డాలియా పెట్టుకోండి, మన కొరాపుట్ చలికాలం దానికి హాయి.

కావాల్సినవాళ్లు పేర్లు ఇస్తే సెప్టెంబరులో కలిపి తెప్పిద్దాం, విడివిడిగా తెప్పిస్తే కొరియర్ ఖర్చు దుంపల ఖర్చును మించుతోంది. ఎవరింట్లోనైనా పనిచేసే పాత ఫ్రిజ్ ఖాళీగా ఉంటే కూడా చెప్పండి, సీతాఫలాలు పెట్టని ఇల్లయితే మరీ మంచిది.