సైన్యం లేని పెద్దమనిషి: కోఫీ అన్నన్ కథ

(తెర మీద: ఐక్యరాజ్యసమితి జెండా పక్కన కోఫీ అన్నన్ ఫొటో)

నమస్తే అండీ. పోటీ పరీక్షలకు చదివినవాళ్లకు కోఫీ అన్నన్ అంటే ఒక బిట్టు ప్రశ్న. ఐక్యరాజ్యసమితి ఏడో సెక్రటరీ జనరల్, 2001 నోబెల్ శాంతి బహుమతి, దేశం ఘనా. టిక్ పెట్టి ముందుకెళ్లిపోతాం. నన్నడిగితే ఆయన చేసిన అతి పెద్ద పని ఆ కుర్చీ దిగాక చేసింది. 2008లో, కెన్యా రాజధాని నైరోబీలో, 41 రోజులు. అక్కడికి వచ్చే ముందు ఆయన ఎక్కడ దెబ్బతిన్నాడో కూడా చూడాలి.

(తెర మీద: ఆఫ్రికా మ్యాప్, ఘనా మీద గుర్తు)

1938 ఏప్రిల్ 8న కుమాసీలో పుట్టాడు. అప్పటికి ఆ దేశం పేరు గోల్డ్ కోస్ట్, పాలన బ్రిటిష్ వాళ్లది. 1957లో ఘనాకు స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఇతనికి పందొమ్మిదేళ్లు నిండుతున్నాయి. తర్వాత స్కాలర్‌షిప్ మీద అమెరికాలోని మినెసోటాకు, మెకాలెస్టర్ కాలేజీకి వెళ్లాడు. అక్కడి చలి సంగతి తెలిసిందే కదా, ఎముకలు కొరికేస్తుంది. అందరూ చెవులకు మఫ్లు పెట్టుకుంటుంటే, అవి చూడ్డానికి బాగోలేవని ఈయన మాత్రం పెట్టుకోలేదు. ఒకరోజు చెవులు గడ్డకట్టినంత పనయ్యేసరికి పరుగెత్తుకెళ్లి దొరికినవాటిలో పెద్దవి కొనుక్కున్నాడు. కొత్త చోటికి వెళ్తే అక్కడివాళ్లకంటే మనకే ఎక్కువ తెలుసనుకోకూడదని అప్పుడు తెలిసొచ్చిందని ఆయనే చాలాసార్లు నవ్వుతూ చెప్పేవాడు.

1962లో జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థలో చిన్న బడ్జెట్ ఉద్యోగంతో చేరాడు. మధ్యలో రెండేళ్లు ఘనా పర్యాటక శాఖలో పనిచేసిన మాట తప్పిస్తే, మిగతాదంతా ఐక్యరాజ్యసమితిలోనే. బడ్జెట్లు, సిబ్బంది, ఫైళ్లు. 1993లో శాంతి దళాల విభాగానికి అధిపతి అయ్యాడు. అసలు పరీక్ష అక్కడే మొదలైంది.

(తెర మీద: రువాండా, కిగాలీ. తేదీ: 1994 జనవరి 11)

ఆ రోజు రువాండాలోని శాంతి దళాల కమాండర్, కెనడా జనరల్ రోమియో డలైర్ న్యూయార్క్‌కు ఒక ఫ్యాక్స్ పంపాడు. ఆయుధాలు ఎక్కడ దాచారో ఒక ఇన్‌ఫార్మర్ చెప్పాడు, అక్కడి మైనారిటీ తెగ టుట్సీలను చంపడానికి లిస్టులు తయారవుతున్నాయి, దాడి చేసి ఆయుధాలు పట్టుకుంటాం అని అందులో ఉంది. అన్నన్ ఆఫీసు నుంచి జవాబు వెళ్లింది: వద్దు, అది మీకిచ్చిన అధికార పరిధిలో లేదు, వెళ్లి దేశాధ్యక్షుడికి చెప్పండి. ఏప్రిల్‌లో ఊచకోత మొదలైంది. సుమారు వంద రోజుల్లో దాదాపు 8 లక్షల మంది పోయారు.

తప్పు ఒక్క అన్నన్‌దేనా? కాదు. అంతకు కొద్ది నెలల ముందే సోమాలియాలో తన సైనికులు చనిపోయారని అమెరికా జంకింది. భద్రతా మండలి అదనపు దళాలు పంపాల్సింది పోయి, ఊచకోత జరుగుతుండగానే ఉన్నవాళ్లను తగ్గించింది. అయినా ఆ జవాబు వెళ్లింది ఆయన విభాగం నుంచే. ప్రపంచాన్ని మేల్కొలపడానికి తాను ఇంకా గట్టిగా ప్రయత్నించి ఉండాల్సిందని 2004లో ఆయనే ఒప్పుకున్నాడు. పదేళ్లు పట్టింది ఆ మాట అనడానికి.

1997 జనవరిలో సెక్రటరీ జనరల్ అయ్యాడు. సంస్థలో ఉద్యోగిగా మొదలై ఆ స్థాయికి ఎదిగిన మొదటి మనిషి. రెండు పదవీకాలాలు, పదేళ్లు. బాగ్దాద్ వెళ్లి సద్దాం హుస్సేన్‌తో కూర్చుని ఒప్పందం చేసుకొచ్చాడు, అది ఏడాది కూడా నిలవలేదు. ఇరాక్ యుద్ధం చట్టవిరుద్ధమని 2004లో అనేసరికి అమెరికాకు కంట్లో నలుసయ్యాడు. అన్నట్టు, ఆయన దగ్గర పనిచేసిన మన శశి థరూర్ 2006లో ఆ కుర్చీకి పోటీపడి రెండో స్థానంలో ఆగిపోయారు.

(తెర మీద: నైరోబీ వీధులు, పొగ)

ఇక కెన్యా. 2007 డిసెంబర్ 27న ఎన్నికలు. లెక్కింపులో మొదట ప్రతిపక్ష నేత రైలా ఒడింగా ముందున్నాడు. 30న అధ్యక్షుడు మ్వాయి కిబాకీయే గెలిచాడని ప్రకటించి, చీకటి పడే వేళకి హడావిడిగా ప్రమాణం కూడా చేయించేశారు. అసలు ఎవరు గెలిచారో నాకే తెలీదని తర్వాత ఎన్నికల సంఘం చైర్మనే అన్నాడు! దేశం భగ్గుమంది. ఎల్డొరెట్ దగ్గర చర్చిలో తలదాచుకున్న ఆడవాళ్లను, పిల్లలను తలుపులు మూసి తగలబెట్టారు. మొత్తం మీద 1,100 మందికి పైగా చనిపోయారు, లక్షల మంది ఊళ్లు వదిలేశారు.

ఆఫ్రికన్ యూనియన్ తరఫున అన్నన్ జనవరి 22న దిగాడు. వెంట నెల్సన్ మండేలా భార్య గ్రాసా మషెల్, టాంజానియా మాజీ అధ్యక్షుడు బెంజమిన్ ఎంకాపా. రాజీ చేస్తామంటూ అప్పటికే ఇంకొందరు వచ్చిపోతున్నారు. మధ్యవర్తిత్వం ఒక్కచోటే జరగాలని అన్నన్ పట్టుబట్టాడు. తలో పెద్దమనిషి తలోవైపు లాగితే ఏ పంచాయితీ అయినా తెగుతుందా?

రెండు రోజుల్లో ఇద్దరినీ కెమెరాల ముందుకు తెచ్చి చేతులు కలిపించాడు. అక్కడే కిబాకీ నోరుజారి, తనను తాను సక్రమంగా ఎన్నికైన అధ్యక్షుడినని అన్నాడు. ఒడింగా వర్గం మండిపడింది. మళ్లీ మొదటికి.

చర్చలు సాగుతూనే ఉన్నాయి. ఫిబ్రవరిలో రెండు వర్గాల ప్రతినిధులను నైరోబీ మీడియాకు దూరంగా సావో అడవిలోని ఒక లాడ్జికి తీసుకెళ్లాడు. ప్రత్యర్థి పార్టీలు కలిసి ప్రభుత్వం నడపడం ఎలా ఉంటుందో చెప్పడానికి జర్మనీ నుంచి ఒక మంత్రిని రప్పించాడు. అయినా ప్రధానమంత్రి పదవి, దాని అధికారాల దగ్గర బండి ఆగిపోయింది. ఫిబ్రవరి 26న ఆ చర్చలు ఆపేసి, ఇక అసలు ఇద్దరితోనే మాట్లాడతానన్నాడు. నాకు బాగా నచ్చిన ఎత్తు ఇదే. బేరం ఎవరి చేతిలో ఉందో గ్రహించి మిగతావాళ్లను పక్కన పెట్టేశాడు.

28న అధ్యక్షుడి ఆఫీసు హరంబీ హౌస్‌లో, గదిలో ఉన్నది ఐదుగురే: కిబాకీ, ఒడింగా, అన్నన్, ఎంకాపా, టాంజానియా అధ్యక్షుడు కిక్వేటే. అధ్యక్షుడు, ప్రధాని ఇద్దరూ ఉంటే దేశం ఎలా నడుస్తుందని కిబాకీకి సందేహం. మా దేశంలో నడుస్తోందిగా అని కిక్వేటే వివరించాడు. సుమారు ఐదు గంటల తర్వాత బయటికొచ్చి అందరి ముందు సంతకాలు పెట్టారు. ఏప్రిల్‌లో ఒడింగా ప్రధాని అయ్యాడు, 2010లో కొత్త రాజ్యాంగం వచ్చింది.

న్యాయం సంగతి అడిగితే, అక్కడ కథ చేదుగానే ఉంది. హింస వెనుక ఉన్నారని అనుమానించిన వాళ్ల పేర్లను విచారణ కమిషన్ ఒక కవర్లో సీల్ చేసి అన్నన్‌కిచ్చింది. కెన్యాలో ప్రత్యేక కోర్టు వేయకపోవడంతో ఆయన దాన్ని 2009లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు పంపాడు. ఉహురు కెన్యాట్టా, విలియం రూటో సహా ఆరుగురి మీద కేసులు నడిచాయి. ఒక్కటీ శిక్ష దాకా వెళ్లలేదు. లాడ్జి చర్చల్లో ఒడింగా తరఫున కూర్చున్న ఆ రూటో 2022లో దేశాధ్యక్షుడయ్యాడు.

2012లో సిరియాకు రాయబారిగా వెళ్లిన అన్నన్ ఆరు నెలలు తిరక్కుండానే తప్పుకున్నాడు. భద్రతా మండలి చీలిపోయి ఉంది, లోపల అప్పటి సిరియా అధ్యక్షుడు అసద్‌కు రాజీ అవసరం కనిపించలేదు. 2018 ఆగస్టు 18న స్విట్జర్లాండ్‌లో, ఎనభై ఏళ్ల వయసులో చనిపోయాడు. ఘనా రాజధాని అక్రాలో సైనిక లాంఛనాలతో ఖననం చేశారు.

రువాండా ఫ్యాక్స్ గురించి విడిగా వీడియో కావాలంటే కామెంట్లో చెప్పండి. ఆ కథలో డలైర్ వైపు చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది.