పాస్‌పోర్ట్ స్టేషన్ బీరువాలో ఎందుకుంది?

రఘు: అందరికీ నమస్కారం. పోయిన వారం చెప్పినట్టే, మన పాస్‌పోర్ట్ వివరాలు పోలీసులు ఏ దారిలో తెప్పించుకుంటారు అన్నది ఈ రోజు విషయం.

సునీత: నీలం ఫైలు తెచ్చావా?

రఘు: తెచ్చాను అక్కా.

సునీత: సరే, కానివ్వు.

రఘు: మన సమాచారం రెండు చోట్ల ఉంటుంది. మనం పెట్టుకున్న అప్లికేషన్, అడ్రస్ ప్రూఫులు, పాత పాస్‌పోర్ట్ నంబర్లు, ఇవన్నీ విదేశాంగ శాఖ కింద ఉండే ప్రాంతీయ పాస్‌పోర్ట్ ఆఫీసులో. ఎప్పుడు ఏ విమానాశ్రయం నుంచి వెళ్ళాం, ఎప్పుడు తిరిగొచ్చాం అన్నది బ్యూరో ఆఫ్ ఇమ్మిగ్రేషన్‌లో, అది హోం శాఖ కింద. రెండూ కావాలంటే రెండు చోట్లకీ లెటర్ పెట్టాలి. కేసుకి అవసరమైన పత్రం ఇమ్మని స్టేషన్ అధికారి అడగడానికి ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్, అంటే కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, 94వ సెక్షన్ ఉంది, దాని ముందున్న పాత సీఆర్‌పీసీలో అది 91. అడగడం కూడా రాతపూర్వకంగానే అడగాలి.

సునీత: వచ్చేసింది నీ 'రాతపూర్వకం'.

రఘు: రావాలి కదా అక్కా. ఏ కేసు, ఏ రికార్డు, ఎందుకు, ఇవన్నీ కాగితం మీద ఉంటేనే రేపు ఎవరైనా ప్రశ్నించగలరు.

సునీత: కాదనను. కానీ మనకొచ్చిన మెసేజ్‌లలో ఎక్కువమంది అడిగింది రికార్డుల గురించి కాదు. స్టేషన్‌కి రమ్మన్నారు, పాస్‌పోర్ట్ పట్టుకురమ్మన్నారు, తీసుకున్నారు, ఎప్పుడిస్తారో చెప్పట్లేదు. ఇదే అందరి గోల.

రఘు: ఆ ముక్క కోసమే నేను కూర్చున్నాను. సురేష్ నందా అనే వ్యాపారి కేసు, 2008 జనవరి, సుప్రీంకోర్టు. సీబీఐ సోదాల్లో ఆయన పాస్‌పోర్ట్ తీసుకెళ్ళి తమ దగ్గరే ఉంచుకుంది. కోర్టు ఏమందంటే, కేసులో అవసరమైతే పోలీసులు స్వాధీనం చేసుకోవచ్చు, కానీ అట్టే పెట్టుకునే అధికారం వాళ్ళకి లేదు. లెటర్ జత చేసి పాస్‌పోర్ట్ అథారిటీకి పంపాలి. ఇంపౌండ్ చేయాలో వద్దో, అంటే అధికారికంగా తీసుకుని ఉంచుకోవాలో వద్దో, 1967 పాస్‌పోర్ట్ చట్టం 10(3) సెక్షన్ కింద ఆ అథారిటీయే, అవతలి మనిషి చెప్పేది విని తేల్చాలి, కారణాలు రాయాలి. సీఆర్‌పీసీ 104 కింద కోర్టు కూడా ఇంపౌండ్ చేయలేదని అదే తీర్పులో ఉంది. మరి స్టేషన్లో జరిగేదేంటి? ప్లాస్టిక్ కవర్లో వేసి, సీడీ, అంటే కేసు డైరీ, ఫైలుకి పిన్ను కొట్టి, స్టేషన్ రాతపని చూసే రైటర్ బీరువాలో పెడతారు. పంచనామా ఉండదు, రసీదు ఉండదు. నెలలు గడిచిపోతాయి.

సునీత: ఉండు. నువ్వు ఒక వైపు నుంచే చూస్తున్నావు.

రఘు: చట్టం వైపు నుంచి చూస్తున్నాను.

సునీత: నాకు తెలిసిన అమ్మాయి సంగతి చెప్తాను, ఊరు పేరు వద్దు. మొగుడు సెలవు పెట్టి వచ్చాడు, ఈ అమ్మాయిని పుట్టింట్లో దింపి వీసా వచ్చాక పిలుస్తానన్నాడు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇంకా ఇక్కడే ఉన్నాడని తెలిసి ఈ అమ్మాయి మహిళా స్టేషన్‌కి పరిగెత్తింది. ముందు కౌన్సెలింగ్ అన్నారు. ఒక తేదీకి అతను రాలేదు, ఇంకో తేదీకి వాళ్ళ నాన్న వచ్చాడు. ఎఫ్‌ఐఆర్ అయ్యేసరికి విమానం ఎక్కేశాడు. ఆ రోజు ఏ ఎస్సై అయినా అతని పాస్‌పోర్ట్ ఆ బీరువాలో పడేసి ఉంటే నేను ఆయనకి దండం పెట్టేదాన్ని.

రఘు: అక్కా, అక్కడ తప్పు ఎఫ్‌ఐఆర్ ఆలస్యం చేయడంలో ఉంది. ఆ అమ్మాయి ఫిర్యాదు చేసింది కాగ్నిజబుల్ నేరం, అంటే కోర్టు అనుమతి లేకుండానే పోలీసులు కేసు కట్టగలిగేది. ఎఫ్‌ఐఆర్ కడితే ఎస్పీ స్థాయి అధికారి లుక్ అవుట్ సర్క్యులర్, అదే ఎల్‌ఓసీ, అడగొచ్చు, దాంతో ఇమ్మిగ్రేషన్ కౌంటర్లోనే ఆపేస్తారు. పాస్‌పోర్ట్ ముట్టుకోవాల్సిన పనే లేదు.

సునీత: "ఎఫ్‌ఐఆర్ కడితే". ఎంత తేలిగ్గా అనేశావు!

రఘు: కోర్టు వారెంటో సమన్లో ఇస్తే పాస్‌పోర్ట్ చట్టంలో 10(3)(హెచ్) ఉంది, పాస్‌పోర్ట్ ఆఫీసర్ ఇంపౌండ్ చేయొచ్చు.

సునీత: సమన్లు ఎవరికి ఇస్తారు రఘూ? డల్లాస్‌లో ఇల్లు మారిపోయినవాడికా? 2019 ఫిబ్రవరిలో రాజ్యసభలో ఎన్‌ఆర్‌ఐ పెళ్ళిళ్ళ బిల్లు పెట్టారు. పెళ్ళయిన 30 రోజుల్లో రిజిస్టర్ చేయకపోతే పాస్‌పోర్ట్ ఇంపౌండ్ చేయొచ్చని అందులో రాశారు. అది చట్టం కాలేదు. ఈ ఆడపిల్లల చేతిలో ఏం ఉందో నువ్వే చెప్పు.

రఘు: ఆ బిల్లులో కూడా అధికారం పాస్‌పోర్ట్ అథారిటీకే ఇచ్చారు కానీ ఎస్సైకి ఇవ్వలేదు. ఎందుకో చూడండి. 1977 జులైలో మేనకా గాంధీకి లెటర్ వచ్చింది, ఏడు రోజుల్లో పాస్‌పోర్ట్ అప్పగించమని. కారణం అడిగితే ప్రజాప్రయోజనం, అంతకుమించి చెప్పం అన్నారు. 1978 జనవరిలో ఆ కేసులో వచ్చిన తీర్పు మీదే మన హక్కులు ఇవాళ్టికీ నిలబడి ఉన్నాయి. ఢిల్లీలో అంత పలుకుబడి ఉన్నావిడకే కారణం చెప్పలేదంటే, స్టేషన్ బెంచీ మీద కూర్చున్నవాడికి ఎవరు చెప్తారు?

సునీత: ఆవిడ కేసు వేరు. పారిపోయేవాడు వేరు.

రఘు: పారిపోయేవాడిది ఒక్కడిదే తీసుకుంటే నేనూ ఇంత అరవను. అదే కేసులో ఆడపడుచు పేరు రాస్తారు, ఆ అమ్మాయి చదువుకి వెళ్ళాల్సి ఉంటుంది, ఆమెదీ తీసుకుంటారు. మామగారిదీ తీసుకుంటారు. రసీదు అడిగితే కసురుకుంటారు.

సునీత: ఆడపడుచుది ఎందుకు తీసుకుంటారు, దాన్ని నేనూ ఒప్పుకోను. కానీ మొగుడిది? ఆ మూడు వారాల సెలవులో వాణ్ణి ఆపడానికి నీ ఫైల్లో ఏముంది?

రఘు: ఎల్‌ఓసీ. మళ్ళీ అదే చెప్తాను. ఫిర్యాదు ఇచ్చేటప్పుడే అతని తిరుగు ప్రయాణం తేదీ, పాస్‌పోర్ట్ నంబరు రాసి, ఎల్‌ఓసీ కోరుతున్నామని అదే కాగితంలో అడగండి. ఒక కాపీ ఎస్పీకో కమిషనర్‌కో ఇచ్చి స్టాంపు వేయించుకోండి.

సునీత: ఇది పనికొచ్చే మాట. అమ్మాయిలూ, పెళ్ళి ఫొటోలతో పాటు అతని పాస్‌పోర్ట్ మొదటి పేజీ, చివరి పేజీ ఫొటో తీసి దాచుకోండి. నంబరు తెలియక తిరిగినవాళ్ళని నేను చూశాను.

రఘు: అయితే ఎల్‌ఓసీలో కూడా ఒక చిక్కు ఉంది. 2021 ఫిబ్రవరి హోం శాఖ మార్గదర్శకాల ప్రకారం, అడిగిన అధికారే తీసేయమని రాసేదాకా అది నడుస్తూనే ఉంటుంది. మూడు నెలలకోసారి సమీక్షించాలని అందులోనే ఉంది. ఎవరైనా మర్చిపోతే? రాజీ అయిపోతుంది, కేసు కొట్టేస్తారు, ఎల్‌ఓసీ మాత్రం అలాగే ఉంటుంది. శంషాబాద్‌లో కౌంటర్ దగ్గర అధికారి పాస్‌పోర్ట్ స్కాన్ చేస్తాడు, స్క్రీన్ చూస్తాడు, ఇంకోసారి స్కాన్ చేస్తాడు, పక్కన కూర్చోమంటాడు. చాలామందికి తమ మీద ఎల్‌ఓసీ ఉందని అక్కడే మొదటిసారి తెలుస్తుంది.

సునీత: ఇది మాత్రం ఘోరం. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళ మొహం చూడలేం. లగేజీ అప్పటికే విమానంలోకి వెళ్ళిపోయి ఉంటుంది, పిల్లలు ఏమైందని అడుగుతుంటారు.

రఘు: అందుకే కేసు ముగిసిన రోజే ఆర్డర్ కాపీతో వెళ్ళి, ఎల్‌ఓసీ తీసేయమని బ్యూరో ఆఫ్ ఇమ్మిగ్రేషన్‌కి రాయండి అని అదే ఎస్పీ ఆఫీసులో అర్జీ ఇవ్వాలి.

సునీత: రసీదుతో.

రఘు: రసీదుతో. ప్రభుత్వ బ్యాంకుల పెద్దలకి కూడా ఎల్‌ఓసీ అడిగే అధికారం ఉండేది, 2024 ఏప్రిల్‌లో బాంబే హైకోర్టు కొట్టేసింది.

సునీత: బ్యాంకుల జోలికి వద్దు, అది ఇంకో రోజు. రెన్యువల్ గురించి ఒకాయన రెండు నెలలుగా అడుగుతున్నారు, అది చెప్పు. కేసు ఉంటే పాస్‌పోర్ట్ ఇస్తారా?

రఘు: ఎఫ్‌ఐఆర్ ఉన్నంత మాత్రాన ఆపకూడదు. కోర్టు కేసుని విచారణకి తీసుకున్నాక పాస్‌పోర్ట్ చట్టం 6(2)(ఎఫ్) అడ్డొస్తుంది. అప్పుడు అదే కోర్టులో అనుమతి తెచ్చుకోవాలి. 1993 ఆగస్టు నోటిఫికేషన్ ఉంది, జీఎస్‌ఆర్ 570(ఈ). కోర్టు ఆర్డర్లో ఎంత కాలానికని రాయకపోతే ఒక్క ఏడాదికే ఇస్తారు. కాబట్టి పిటిషన్లోనే పదేళ్ళకని అడగమని వకీలుకి చెప్పండి. అప్లికేషన్లో కేసు ఉందన్న సంగతి దాచొద్దు, అది అదే చట్టం 12వ సెక్షన్ కింద నేరం, రెండేళ్ళ దాకా జైలు.

సునీత: దాస్తే పోలీస్ వెరిఫికేషన్లో ఎలాగూ బయటపడుతుంది. నేను మాత్రం ఆ మొగుడి విషయంలో తగ్గలేదు, చెప్తున్నాను.

రఘు: తగ్గొద్దు అక్కా. కానీ బీరువా తాళం ఎస్సై చేతిలో ఉండకూడదు, అంతే నేననేది.

సునీత: మరి ఎవరి చేతిలో, ఆర్నెల్లు ఫైలు కదలని ఆఫీసులోనా?

రఘు: కదలకపోతే హైకోర్టులో రిట్ వేయొచ్చు, అంటే ఆఫీసు తన పని చేసేలా ఆదేశించమని పిటిషన్. బీరువాలో ఉంటే, కాగితమే లేకపోతే, దేని మీద వేస్తాం?

సునీత: రిట్‌కి డబ్బులెవరిస్తారు... ఆ ప్రశ్న పట్టుకుని వచ్చే వారం ఇక్కడి నుంచే మొదలుపెడదాం. న్యాయ సేవాధికార సంస్థలో పనిచేసిన ఒకావిణ్ణి పిలుస్తాను.

రఘు: పిలవండి. పదిన్నరకి వద్దు, నాకు...

సునీత: తెలుసులే. ఆపెయ్.