నూనె ప్యాకెట్ మీది చిరునామా

సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం. ఎగుమతి, దిగుమతి అన్న మాటలకు నిర్వచనాలు బోర్డు మీద రాసి, పిల్లల నోటుపుస్తకాల్లోకి ఎక్కించి, పరీక్షలో తిరిగి రాబట్టుకునే పద్ధతిలో నేనూ చాలా ఏళ్లు పాఠం చెప్పాను కనుక, ఇవాళ నేను చేసే విమర్శ ముందుగా నాకే వర్తిస్తుంది.

ఒకసారి ఎనిమిదో తరగతి పిల్లలను ఇంట్లో ఖాళీ అయిన నూనె ప్యాకెట్లు తెమ్మన్నాను. ఎంత కడిగినా జిడ్డు వదలని ఆ కవర్లను బల్లల మీద పరిచి, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న తయారీ చిరునామా చదవమంటే, కాకినాడ, కృష్ణపట్నం పేర్లు మళ్లీ మళ్లీ వినిపించాయి. గింజలు పండే చేల దగ్గర ఉండాల్సిన మిల్లు ఓడరేవు పక్కన ఎందుకుందని అడిగాను. కాసేపటికి వెనక బెంచీ అమ్మాయి, "నూనె ఓడలో వస్తుందేమో సార్" అంది.

నిజమే. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది: పామాయిల్ ప్రధానంగా ఇండోనేషియా, మలేషియాల నుంచి, పొద్దుతిరుగుడు నూనె రష్యా, ఉక్రెయిన్‌ల నుంచి. అందుకే 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలై నల్ల సముద్రపు రేవుల నుంచి ఓడలు కదలనప్పుడు, ఏప్రిల్ 28న ఇండోనేషియా తన ప్రజలకు నూనె అందుబాటులో ఉంచాలని పామాయిల్ ఎగుమతులను కొన్ని వారాలపాటు నిలిపివేసినప్పుడు, ఆ సెగ మన గల్లీలోని మిర్చి బజ్జీల బండి దాకా తగిలింది.

ఇంతవరకు చెప్పి ఆపితే పాఠం ఏకపక్షమవుతుంది. 2023 జులై 20న మన ప్రభుత్వం ఇక్కడి ధరలను అదుపు చేయడానికి బాస్మతియేతర తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. అమెరికాలోని మనవాళ్లు సోనా మసూరి సంచుల కోసం దుకాణాల ముందు బారులు తీరారు. బియ్యం కొనుక్కుని తినే పేద దేశాల గొడవ ఫోన్లలో అంతగా తిరగలేదు. ఇండోనేషియా నిషేధాన్నీ మన నిషేధాన్నీ పక్కపక్కన పెట్టినప్పుడు, "వాళ్లు ఆపితే అన్యాయం, మనం ఆపితే న్యాయమా సార్?" అని ఒక పిల్లవాడు అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. చెప్పకూడదనే ఇప్పటికీ నా అభిప్రాయం. తరగతిని వరి రైతుగా, ఇక్కడి రేషన్ కుటుంబంగా, ఆఫ్రికాలో బియ్యం కొనే తల్లిగా విడదీసి వాదించుకోనివ్వండి, గోల అయినా సరే.

పాతబస్తీ బడుల వారికి నూనె ప్యాకెట్ కూడా అక్కర్లేదు, పత్తర్‌గట్టి ముత్యాల దుకాణాలు ఉన్నాయి. సముద్రమే లేని ఊరు ముత్యాల నగరం ఎలా అయిందో పిల్లల చేతే అడిగించండి. ఒకప్పుడు గల్ఫ్ సముద్రం నుంచి బస్రా ముత్యాలు వచ్చేవి. 1893లో జపాన్‌లో మికిమోటో అనే వ్యాపారి ముత్యాన్ని సాగు చేయడంలో విజయం సాధించాక, కొన్ని దశాబ్దాలకు గల్ఫ్ సముద్రంలో మునిగి ముత్యాలు తీసే వారి బతుకుదెరువు పోయింది. హారం కొనేవారికి ధర తగ్గింది. ఈ రెండు వాక్యాలనూ ఒకే పీరియడ్‌లో చెప్పండి.